ప్రాసెసర్ కొనేముందు నంబరు చివరి అక్షరం చూడండి

మేము తార్నాకలోని మన హాస్టల్లో ఉంటూ యూనివర్సిటీకి నడిచి వెళ్ళిన రోజుల్లో కంప్యూటర్ అంటే నెట్ సెంటర్లో గంటకింత ఇచ్చి కూర్చోవడమే. ఆ సీపీయూల మీద తరచూ కనిపించిన పేరు సెలెరాన్. చవక కంప్యూటర్ల కోసం ఇంటెల్ 1998లో తెచ్చింది. మొదటి సెలెరాన్‌లో రెండో స్థాయి క్యాష్ మెమరీ లేదు. క్యాష్ అంటే వంటమనిషి చేతికందేలా ఉంచుకునే పోపుల డబ్బా. అది లేకపోతే ప్రతి చిటికెడుకీ స్టోర్ రూముకి పరుగెత్తాలి. విమర్శలు వచ్చాక అదే ఏడాది 128 కేబీ క్యాష్‌తో 300ఏ మోడల్ వచ్చింది. చవకలో ఏది తగ్గించారో చూసుకోవాలని అప్పుడే తెలుసుకోవలసింది. తెలుసుకోలేదు.

ఈమధ్య పాత విద్యార్థులం తలాకొంత వేసుకుని హాస్టల్ రీడింగ్ రూముకి ఒక డెస్క్‌టాప్ కొన్నాం. దరఖాస్తులు నింపడం, నోట్సు టైపు చేయడం, వీడియో పాఠాలు, మాక్ టెస్టులు, ఇంతే పని. సికింద్రాబాద్‌లో విడిభాగాలు తీసుకున్నాం. ఐ3-12100 కంటే ఐ3-12100ఎఫ్ కొంత తక్కువకు వస్తుందంటే సంతోషంగా అదే కొన్నాం. రాత్రి అన్నీ బిగించి స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది, మానిటర్ మాత్రం నల్లగా ఉండిపోయింది. కేబుల్ మార్చాం, ర్యామ్ తుడిచి పెట్టాం, పక్క గది మానిటర్ తెచ్చాం. చివరికి ఇంటర్ చదివే తమ్ముడొకడు పెట్టె మీద అక్షరం చూపించి "అన్నా, ఈ ఎఫ్ ఏంటి?" అన్నాడు.

ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎఫ్ అంటే బొమ్మను తెరకు పంపే గ్రాఫిక్స్ భాగం లోపల పనిచేయదని అర్థం. వేరే గ్రాఫిక్స్ కార్డు కొనాలి. మిగిల్చిన దానికంటే అదే ఎక్కువ. ఏఎండీలోనూ ఇదే తంతు: రైజెన్ 5 5600లో గ్రాఫిక్స్ లేదు, 5600జీలో ఉంది. పెట్టె విప్పాక దుకాణంవాళ్ళు వెనక్కి తీసుకోలేదు. తప్పు మాదే. ఆ శనివారం ఆఖరు తేదీ ఉన్న తమ్ముడు దరఖాస్తు కోసం మళ్ళీ నెట్ సెంటర్‌కే వెళ్ళాడు. ఆ ముఖం చూడలేకపోయాం.

పాత ఆఫీసు కంప్యూటర్లు కొనేవాళ్ళకు ఇంకో మాట. "ఐ5 ఉంది" అంటే చాలదు, తర్వాతి నంబరు అడగండి. ఐ5-4570 అంటే నాలుగో తరం, 2013 నాటిది, ఒకేసారి నాలుగు పనుల వరుసలే నడుపుతుంది. 2022లో వచ్చిన ఐ3-12100 పన్నెండో తరం, ఎనిమిది నడుపుతుంది. పేరులో చిన్నదైనా పనిలో చాలా ముందుంటుంది. పైగా ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాతవాటిలో దాదాపు వేటికీ విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. లినక్స్ నేర్చుకునే ఓపిక ఉంటే ఆ పాత యంత్రమే ఇంకొన్నాళ్ళు హాయిగా నడుస్తుంది.

ఐ7 జోలికి పోకండి. ఆ డబ్బుతో హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ వేయించండి, ర్యామ్ కనీసం 8 జీబీ ఉంచండి. లోపలి గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌లోంచే కొంత వాడుకుంటుంది. పాత సిస్టమ్ అయితే డబ్బు ఇచ్చేముందు ఆన్ చేయించి, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరవండి. ప్రాసెసర్ పూర్తి నంబరు అక్కడుంటుంది, బయట స్టిక్కర్‌ని నమ్మకండి.