కాంతి కూడా ఒక అలే: జ్వరం పరీక్షలో దాని పాత్ర



వానాకాలం మొదలైతే చాలు, మా ల్యాబ్ కిటికీ దగ్గర ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. "సార్, మలేరియాను రక్తపు చుక్కలో మైక్రోస్కోపుతో చూసి చెప్తారు కదా, డెంగ్యూను కూడా అందులోనే చూడొచ్చు కదా. మళ్ళీ వేరే పరీక్ష, వేరే డబ్బులు ఎందుకు?" అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబు వైద్య గ్రంథాల్లో కన్నా మీ పిల్లల ఇంటర్మీడియెట్ ఫిజిక్సు పుస్తకంలో తేలికగా దొరుకుతుంది. మార్కుల కోసం బట్టీ పట్టి, పరీక్ష అవగానే మరచిపోయే తరంగ దృశాశాస్త్రం అనే పాఠం అది.

కాంతి గీత గీసినట్టు తిన్నగా పోతుందని మనం అనుకుంటాం. నిజానికి అది ఒక అల. హుస్సేన్‌సాగర్ నీళ్ళలో కొంచెం ఎడంగా రెండు రాళ్ళు వేస్తే రెండు చోట్ల నుంచీ వలయాలు బయలుదేరి ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఒక అల ఎత్తు మీద రెండో అల ఎత్తు పడిన చోట నీరు ఇంకా పైకి లేస్తుంది. ఒకదాని ఎత్తు, మరొకదాని పల్లం కలిసిన చోట కదలకుండా ఉండిపోతుంది. దీన్ని వ్యతికరణం అంటారు. కాంతి కూడా ఇలాగే చేస్తుందని, వెలుగుకు వెలుగు తోడైనా కొన్ని చోట్ల చీకటి ఏర్పడుతుందని, సుమారు 200 ఏళ్ళ క్రితం చూపించినవారు థామస్ యంగ్. ఆయన లండనులో ప్రాక్టీసు చేసిన డాక్టరు. ఆస్టిగ్మాటిజం అనే చూపు లోపాన్ని తన కంటిలోనే కొలిచి వర్ణించినదీ ఆయనే. వాన వెలిసిన తర్వాత బస్టాపు దగ్గర తడి రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే రంగులు కనిపిస్తాయి కదా, ఆ రంగులు పెట్రోలువి కావు. పలచని పొర పైభాగం నుంచీ, అడుగు నుంచీ తిరిగివచ్చే అలలు కలిసి కొన్ని రంగులను పెంచుతాయి, కొన్నిటిని చెరిపేస్తాయి.

అల అన్నాక దానికొక పొడవు ఉంటుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. మన కంటికి కనిపించే కాంతి అల పొడవు ఊదా రంగుకు సుమారు 0.4 మైక్రాన్లు, ఎరుపుకు 0.7 మైక్రాన్లు. చెరువులో పెద్ద బండ ఉంటే అల దానికి తగిలి విరుగుతుంది, బండ వెనుక నీరు నిమ్మళంగా ఉంటుంది. అదే ఒక గడ్డిపరక ఉంటే అల దాన్ని లెక్కచేయకుండా సాగిపోతుంది. ఆ అలను చూసి అక్కడ గడ్డిపరక ఉందని ఎవరూ చెప్పలేరు. ఎర్ర రక్తకణం సుమారు 7 మైక్రాన్లు. అందులో దూరిన మలేరియా క్రిమి చిన్న ఉంగరంలా ఉన్నప్పుడు కూడా ఒకటి రెండు మైక్రాన్లు ఉంటుంది. కాంతికి అది బండ. డెంగ్యూ వైరస్ 0.05 మైక్రాన్లు మాత్రమే, అంటే గడ్డిపరక. సాధారణ మైక్రోస్కోపు ఎంత ఖరీదైనదైనా సుమారు 0.2 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది. లోపం అద్దాలది కాదు, కాంతిదే. అందుకే డెంగ్యూకు జ్వరం వచ్చిన తొలి అయిదు రోజుల్లో ఎన్.ఎస్.1 పరీక్ష, ఆ తర్వాత ఐ.జి.ఎం. పరీక్ష రాస్తారు. అవి వైరస్‌ను చూసేవి కావు, అది రక్తంలో వదిలిన గుర్తులను పట్టుకునేవి.

మలేరియా విషయంలో మన సికింద్రాబాదుకు ఒక ప్రత్యేకత ఉంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలోని సైనిక ఆసుపత్రిలో డాక్టర్ రొనాల్డ్ రాస్ ఒక దోమను కోసి మైక్రోస్కోపు కింద పెట్టారు. అంతకు నాలుగు రోజుల ముందు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమల్లో అది ఒకటి. కుట్టించుకున్నందుకు దోమకు ఒక అణా చొప్పున ఆ రోగికి ఇచ్చారట. కోసిన ముక్కలు గాలికి ఎగిరిపోతాయని ఉక్కపోతలో కూడా రాస్ పంకా వేయించుకోలేదు. అంతకుముందు రెండేళ్ళుగా వేరే జాతి దోమలను కోసి కోసి విసిగిపోయిన మనిషి ఆయన. ఈసారి దోమ కడుపు గోడలో గుండ్రని కణాలు, వాటిలో నల్లని రేణువులు కనిపించాయి. అచ్చం మలేరియా రోగుల రక్తంలో కనిపించే రేణువులే. మర్నాడు మరో దోమలో ఆ కణాలు ఇంకా పెద్దవిగా కనిపించాయి. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని అలా తెలిసింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆయన పేరుతో ఉన్న భవనం ముందు నుంచి మనలో చాలామంది రోజూ వెళ్తూనే ఉంటాం, ఆగి చూసేవారు మాత్రం తక్కువ.

ఆ నల్లని రేణువు ఏమిటి? మలేరియా క్రిమి మన రక్తంలోని హీమోగ్లోబిన్‌ను తింటుంది. మిగిలిన ఇనుము గల భాగం దానికే విషం. ఆ విషాన్ని స్ఫటికాలుగా గట్టిపరచి ఒక మూలన దాచుకుంటుంది. క్లోరోక్విన్ మాత్ర ఈ దాచుకోవడాన్నే అడ్డుకుంటుంది. రాస్ ఆ రేణువులను వాటి నలుపును బట్టి గుర్తుపట్టారు. వాటిని వెలిగేలా చేసి చూసే పద్ధతి కూడా ఉంది. అది ధ్రువణం.

చాంతాడును కిటికీ నిలువు ఊచల మధ్య నుంచి దూర్చి, రెండో కొస ఎవరికైనా ఇచ్చి ఊపండి. పైకీ కిందికీ ఊపితే అల అవతలికి పోతుంది. పక్కలకు ఊపితే ఊచలకు తగిలి ఆగిపోతుంది. మామూలు వెలుగులో అన్ని వైపులకూ ఊగే అలలు కలగలిసి ఉంటాయి. ధ్రువణ ఫలకం అనే పలక ఒక్క వైపు ఊగేవాటిని మాత్రమే పోనిస్తుంది. రెండో పలకను దానికి అడ్డంగా పెడితే అంతా చీకటి. ఆ చీకట్లో, రెండు పలకల మధ్య రక్తపు స్లైడును పెడితే మలేరియా రేణువు చుక్కలా మెరుస్తుంది. స్ఫటికం కాంతి ఊగే తీరును మార్చేస్తుంది కాబట్టి కొంత వెలుగు రెండో పలకను దాటగలుగుతుంది. కీళ్ళవాతంలో ఒక రకమైన గౌట్‌ను కూడా కీలులోని నీటిని ఇలాగే చూసి తేల్చుతారు.

అయితే మెరుపు లేదు కాబట్టి మలేరియా లేదనడానికి వీల్లేదు. లేత వయసు క్రిముల్లో ఈ రేణువులు ఇంకా కనిపించేంతగా ఏర్పడవు. ప్రమాదకరమైన ఫాల్సిపరమ్ రకంలో వేలి రక్తంలోకి వచ్చేవి ఎక్కువగా ఆ లేత క్రిములే. అందువల్ల రంగు వేసిన స్లైడే నేటికీ ప్రధానం. ఒక స్లైడులో ఏమీ కనిపించకపోయినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్ళీ రక్తం అడుగుతాం, విసుక్కోవద్దు. మెడికల్ షాపులో మలేరియా మాత్రలు కొని మింగి రావద్దు. క్రిములు తగ్గి స్లైడులో దొరకవు, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. డెంగ్యూ అనుమానం ఉన్న రోజుల్లో జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వాడవద్దు, రక్తస్రావం కావచ్చు.

మళ్ళీ వ్యతికరణం సంగతి. మధుమేహం ఉన్నవారికి కంటి డాక్టర్లు ఓ.సి.టి. స్కాన్ రాస్తుంటారు. 1991లో అమెరికా పరిశోధకులు వెల్లడించిన ఈ పద్ధతిలో కాంతిని రెండుగా చీల్చుతారు. ఒక పాయ కంటి లోపలికి, రెండోది ఒక అద్దం మీదికి పోతుంది. తిరిగి వచ్చిన రెండూ కలిసే తీరును బట్టి రెటీనా పొరల మందాన్ని కొద్ది మైక్రాన్ల తేడాతో కొలుస్తారు. చూపు బాగానే ఉందనిపించే రోజుల్లో కూడా రెటీనాలో నీరు చేరడం ఇందులో బయటపడవచ్చు. కంటికి ఏదీ తగలదు, సూది ఉండదు. పాపను పెద్దది చేసే చుక్కలు వేస్తే మాత్రం కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. ఆ రోజు స్కూటరు మీద రాకుండా ఎవరినైనా తోడు తెచ్చుకోండి.