చిన్న పరమాణు గడియారం – లేజరు తెచ్చిన చిక్కు

పరమాణు గడియారం అనగానే అందులో పరమాణువే టిక్కు టిక్కుమంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి టిక్కుమనేది మన చేతి గడియారంలో ఉండే క్వార్ట్జ్ స్ఫటికం లాంటిదే. వేడి మారినా, వయసు పెరిగినా అది దారి తప్పుతుంది. మామూలు చేతి గడియారంలో నెలకు పది పదిహేను సెకన్ల తేడా వస్తుంది. ఆ స్ఫటికాన్ని ఎప్పటికప్పుడు సరిదిద్దడమే పరమాణువు పని. స్టడీ అవర్‌లో వార్డెన్ గారి లాంటిదన్నమాట.

ఇంత సూక్ష్మంగా కాలాన్ని కొలవడం ఎందుకు? ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం మనల్ని చేరడానికి పట్టిన కాలాన్ని బట్టే మనం ఎక్కడున్నామో తెలుస్తుంది. కాంతి ఒక నానో సెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. గడియారం పది లక్షల కోట్లలో ఒక వంతు తప్పినా ఒక రోజులో అది 8.6 నానో సెకన్లు, అంటే దాదాపు రెండున్నర మీటర్లు. 2013 జూలైలో శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఐ.ఆర్.ఎన్.ఎస్.ఎస్.-1ఎ ఉపగ్రహంలోని మూడు రుబీడియం గడియారాలూ ఆగిపోయాయని ఇస్రో 2017లో తెలిపింది. అవి దిగుమతి చేసుకున్నవి. ఉపగ్రహం బాగానే ఉంది, కానీ స్థానం చెప్పే పనికి రాకుండా పోయింది. తర్వాత 2023 మే 29న అక్కడి నుంచే ఎగిరిన ఎన్.వి.ఎస్.-01లో అహ్మదాబాదులో తయారైన మన సొంత రుబీడియం గడియారం వెళ్ళింది.

ఇక పాఠంలోకి వద్దాం. రుబీడియం-87 పరమాణువుకు అడుగున రెండు శక్తి స్థాయిలు చాలా దగ్గరగా ఉంటాయి. ఒకదాని నుంచి రెండోదానికి మారాలంటే సెకనుకు సుమారు 683 కోట్ల 46 లక్షల 82 వేల 610 కంపనాలున్న మైక్రోవేవ్ తరంగం కావాలి. స్ఫటికం ఆధారంగా ఆ తరంగాన్ని తయారు చేసి, రుబీడియం ఆవిరి నింపిన చిన్న గాజు బుడ్డిలోకి పంపుతారు. లెక్క సరిపోతే పరమాణువులు స్థాయి మారతాయి. లేకపోతే స్ఫటికాన్ని సవరించాలి.

అయితే మామూలుగా రెండు స్థాయిల్లోనూ పరమాణువులు దాదాపు సమానంగా ఉంటాయి. పైకి ఎక్కినన్నే కిందికి దిగుతాయి కాబట్టి మార్పు కనిపించదు. అందుకని ముందు కాంతితో ఒక స్థాయిని ఖాళీ చేస్తారు. దీన్నే ఆప్టికల్ పంపింగ్ అంటారు. ఇందుకు మార్గం చూపిన ఫ్రాన్సు శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ కాస్ట్లర్‌కు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. స్థాయి ఖాళీ అయ్యాక కాంతిని పీల్చుకునేవారుండరు, ఆవిరి పారదర్శకమవుతుంది. మైక్రోవేవ్ సరిగ్గా కుదిరినప్పుడు ఖాళీ స్థాయి మళ్ళీ నిండి, బయటికొచ్చే కాంతి కాస్త తగ్గుతుంది. ఆ తగ్గుదలే మనకు గుర్తు.

ఆ కాంతి కోసం మొదటి నుంచి రుబీడియం దీపాన్నే వాడారు. జి.పి.ఎస్. ఉపగ్రహాల రుబీడియం గడియారాలు దీపంతో నడిచేవే. దీపం కాంతిలో కావలసినదీ అక్కరలేనిదీ కలిసి ఉంటాయి. లేజరు అయితే కావలసిన ఒక్క తరంగదైర్ఘ్యాన్నే, 780 లేదా 795 నానోమీటర్ల వద్ద, సూటిగా ఇస్తుంది. గుర్తు ఎంతో స్పష్టంగా కనిపించాలి. కాగితం మీద లేజరుదే గెలుపు.

కానీ కాంతి పడినంతసేపూ పరమాణువు శక్తి స్థాయిలు కొద్దిగా జరుగుతాయి. ఎంత జరుగుతాయన్నది కాంతి తీవ్రత మీద, పౌనఃపున్యం మీద ఆధారపడుతుంది. లేజరు వేడెక్కినా, పాతబడినా ఆ రెండూ మారతాయి. వాటితోపాటు గడియారమూ మారుతుంది. పైగా లేజరు పౌనఃపున్యంలోని చిన్న వణుకు ఆవిరి గుండా వచ్చేసరికి వెలుతురులో వణుకుగా మారి, మనం చూడవలసిన గుర్తును కప్పేస్తుంది. సహాయానికి తెచ్చినవాడే అల్లరి మొదలుపెట్టినట్టయింది.

దీనికి దొరికిన ఉపాయాల్లో మాకు బాగా నచ్చినది ఒకటుంది. బంగారం కొట్టులో తూకం వేసేటప్పుడు ఫ్యాను ఆపుతారు కదా, అలాంటిదే. ముందు లేజరు వెలిగించి ఒక స్థాయిని ఖాళీ చేస్తారు. లేజరును పూర్తిగా ఆపేస్తారు. ఆ చీకట్లో మధ్యలో కాస్త విరామమిచ్చి రెండుసార్లు మైక్రోవేవ్ తట్లు ఇస్తారు. ఈ రెండు తట్ల పద్ధతి నార్మన్ రామ్సేది. ఆయనకు 1989లో నోబెల్ వచ్చింది. తర్వాత మళ్ళీ లేజరు వెలిగించి ఫలితం చూస్తారు. అంతా కొన్ని మిల్లీ సెకన్లలో అయిపోతుంది. మైక్రోవేవ్ పనిచేసే సమయంలో కాంతే లేదు కాబట్టి స్థాయిలు జరగడం దాదాపు ఉండదు. ఇటలీలోని టురిన్ కొలతల సంస్థ ఈ పద్ధతితో ఒక సెకను సగటుకు పది లక్షల కోట్లలో 1.7 వంతు స్థిరత్వం సాధించి 2012లో ప్రకటించింది. సగటు తీసే కాలాన్ని వంద రెట్లు పెంచితే స్థిరత్వం పది రెట్లు మెరుగవుతుంది, అయితే అది కొంతవరకే.

ఆ పైన అడ్డుపడేది గాజు బుడ్డే. పరమాణువులు గోడలకు కొట్టుకోకుండా అందులో నైట్రోజన్ లాంటి వాయువు నింపుతారు. బుడ్డి వేడి మారితే ఆ వాయువు వల్ల పౌనఃపున్యం ఒకవైపు జరుగుతుంది. ఆర్గాన్ వాయువుతో అయితే దానికి ఎదురువైపు. రెంటినీ తగిన పాళ్ళలో కలిపితే ఒక ఉష్ణోగ్రత దగ్గర రెండూ సరికి సరి అవుతాయి, బుడ్డిని అక్కడే నిలబెడతారు. ఇంకా మిగిలేది గాలిలోని హీలియం. అది గాజు గోడల్లోంచి మెల్లగా లోపలికి దూరి, నెలల తరబడి గడియారాన్ని కొంచెం కొంచెంగా జరుపుతుంది. అందుకే కొన్నిచోట్ల హీలియం అంత తేలిగ్గా దూరలేని అల్యూమినో సిలికేట్ గాజుతో ఈ బుడ్లు చేస్తున్నారు.