ఇంటి దస్తావేజులో ఇల్లాలి పేరు

గేదెను మేపి, పాలు పితికి, కేంద్రానికి చేర్చేది చాలా ఇళ్లలో ఇల్లాలే. ఇంటి దస్తావేజు మాత్రం భర్త పేరనే ఉంటుంది. ఆయన తదనంతరం ఇల్లు మొత్తం భార్యకే వస్తుందని మన సభ్యులలో పలువురు అనుకుంటున్నారు. ఇది సరికాదు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, భర్త వీలునామా రాయకుండా మరణిస్తే, ఆయన స్వార్జితమైన ఇంటిలో భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలుంటాయి. తల్లి, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నచోట భార్యకు దక్కేది అయిదింట ఒక వంతే. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వేరే నియమాలు వర్తిస్తాయి.

ఇందుకు మార్గాలు రెండు:

1. సగం వాటాను ఇప్పుడే భార్యకు దానంగా రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టరు చేయించడం. ఇచ్చిన తర్వాత మనసు మారిందని వెనక్కు తీసుకోవడానికి వీలుండదు. మిగిలిన సగానికి వీలునామా రాయాలి.

2. మొత్తం ఇంటికి ఇద్దరు సాక్షులతో వీలునామా రాయడం. దీనికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదుగాని, చేయిస్తే మేలు. బతికున్నంతకాలం మార్చుకోవచ్చు.

పంచాయతీ పన్ను రసీదులో పేరు మార్చినంత మాత్రాన హక్కు మారదు. సంఘంలో వాటాధనానికి రాయించిన నామినీ పేరు ఇంటికి చెల్లదు. పిత్రార్జితమైన ఇంటిలో 2005 సవరణ ప్రకారం కూతుళ్లకూ కొడుకులతో సమాన హక్కుంది; కనుక ముందుగా న్యాయవాదిని సంప్రదించాలి.

సంఘాల కార్యదర్శులు దీనిని మహిళా సభ్యులకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.