విమానానికి కళ్ళెం

విమానమనగానే మనకు రెక్కలు, ఇంజను, ఆకాశం స్ఫురిస్తాయి. చక్రం స్ఫురించదు. 1903 డిసెంబరు 17న రైట్ సోదరులు ఎగురవేసిన విమానానికి చక్రాలే లేవు. అది పట్టాపై సాగి గాలిలోకి లేచి, చెక్కబద్దల ఆధారంతో ఇసుకపై దిగింది. కాలక్రమంలో విమానానికి చక్రాలు వచ్చాయి. వాటితో పాటే వేగానికి కళ్ళెం వేయవలసిన అవసరమూ వచ్చింది.

అమెరికాలో ఎందరో ఔత్సాహికులు ఇంటి షెడ్డులోనే చిన్న విమానాలను నిర్మించుకుంటారు. నిర్మాణంలో సగానికి మించిన పనిని ఔత్సాహికులే విద్యార్థమో, వినోదార్థమో చేసి ఉండాలన్నది అక్కడి నిబంధన. ఆ పనులలో కంటికి ఆనకపోయినా ప్రాణాధారమైనది బ్రేకు గొట్టాల అమరిక.

మూసి ఉన్న ద్రవంపై కలిగించిన పీడనం అన్ని దిశలలోనూ సమానంగా ప్రసరిస్తుందని 17వ శతాబ్దంలో పాస్కల్ నిరూపించాడు. పెడలు వద్ద ముషలకం వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు, చక్రం వద్ద ఐదు చదరపు సెంటీమీటర్లు ఉంటే బలం ఐదింతలవుతుంది. ఎడమ, కుడి చక్రాలకు వేర్వేరు గొట్టాలుంటాయి. అందువల్ల నేలపై నడిచేటప్పుడు విమానాన్ని మలుపు తిప్పడానికి కూడా బ్రేకులే తోడ్పడతాయి. ఒకవైపు గొట్టం కారితే విమానం రెండవవైపునకు లాగివేస్తుంది.

సాధారణంగా మెత్తని అల్యూమినియం గొట్టాలను వాడతారు. గొట్టాన్ని నునుపుగా కోసి, నొక్కుపడకుండా వంచి, మరను ముందే తొడిగి, ఆ పిదప చివరను గరాటు వలె విప్పాలి. విమానాలలో ఆ కోణం 37 డిగ్రీలు. మోటారు వాహనాలలో 45 డిగ్రీలు. చూపునకు రెండూ ఒకటిగానే తోచినా, ఒకదానికి మరొకటి అతకదు. కదిలే భాగాల వద్ద వంగే గొట్టాలు అమర్చాలి. మిగిలినచోట్ల ప్రకంపనలకు ఒరుసుకొనకుండా పట్టీలతో బిగించాలి.

ద్రవం విషయంలోనూ ఏమరుపాటు తగదు. చిన్న విమానాలలో సాధారణంగా ఎర్రని ఖనిజ తైలాన్ని పోస్తారు. దానికి బదులు కారు బ్రేకు ద్రవం పోస్తే లోపలి రబ్బరు వలయాలు ఉబ్బి చెడిపోతాయి. ఖనిజ తైలం మండే గుణం కలది. కాలిన బ్రేకుపై కారితే నిప్పు అంటుకోవచ్చు.

చివరిగా గాలిని తొలగించాలి. ద్రవం అణగదు, గాలి అణగుతుంది. గొట్టంలో బుడగ మిగిలితే పాదబలం దానిని అణచడానికే వ్యయమవుతుంది. బుడగలు సహజంగా పైకే పోతాయి కనుక, ద్రవాన్ని చక్రం వద్ద నుంచి పైకి ఎక్కించడం మేలైన పద్ధతి. పెడలు మెత్తగా దిగితే గాలి ఉన్నట్లు గుర్తు. గట్టిగా తొక్కిపట్టి, ప్రతి అతుకునూ తడిమి చూసిన తరువాతే విమానాన్ని కదిలించాలి.

ఎగరాలన్న ఉత్సాహం అందరికీ ఉంటుంది. ఆగవలసిన చోట ఆగగల ఏర్పాటు చేసుకున్నవాడే క్షేమంగా ఇల్లు చేరతాడు.

అర్థాలు
ముషలకం = సిలిండరులో కదిలే దిమ్మ, పిస్టన్
ఏమరుపాటు = అజాగ్రత్త

ప్రశ్నలు
1. బ్రేకు గొట్టంలో గాలి మిగిలితే కలిగే నష్టమేమిటి?
2. ఔత్సాహిక నిర్మాత గొట్టాల అమరికలో పాటించవలసిన జాగ్రత్తలను వివరించండి.