వన్యమృగముల ఛాయాచిత్రణము: సామగ్రిని ఎన్నుకొనుట, సర్దుకొనుట

విద్యార్థులారా! మన ఊరిగాం పరిసరములలోని బంగారుగనులు 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి. గనులచుట్టునుగల బయళ్లలో కృష్ణజింకలు నేటికిని మేయుచున్నవి. మనకు తూర్పున, చిత్తూరు జిల్లా పలమనేరు ప్రాంతమున, కౌండిన్య అభయారణ్యము కలదు. చిరకాలము ఏనుగులు లేకయుండిన ఆ అడవికి 1980 తరువాతి సంవత్సరములలో పొరుగు రాష్ట్రముల నుండి ఏనుగులు తరలివచ్చినవి. 1990లో అది అభయారణ్యముగా ప్రకటింపబడినది.

ఇట్టి చోట్లకు పోవువారికి ఛాయాచిత్రములు తీయవలెనను కోరిక పుట్టుట సహజము. ఏ సామగ్రి కావలెను? దాని నెట్లు సర్దుకొనవలెను? ఇందుకు మూలసూత్ర మొక్కటే: సామగ్రిని ఎన్నుకొనుట యనగా మృగమునకును మనకును నడుమ ఎంత దూర ముండవలెనో నిర్ణయించుకొనుటయే.

1. కటకము

భౌతికశాస్త్రమున మీరు నాభ్యంతరమును గూర్చి చదివియున్నారు. అది యిచ్చట అక్కఱకు వచ్చును. 60 మీటర్ల దూరమున, కొమ్ములతో కలిసి 1.2 మీటర్ల ఎత్తున, ఒక మగజింక నిలిచియున్న దనుకొనుడు. నాభ్యంతరమును దూరముచే భాగించి, జింక యెత్తుచే గుణించినచో ప్రతిబింబపు ఎత్తు దాదాపుగా తెలియును. 50 మి.మీ. కటకమునకు అది 1 మి.మీ.; 300 మి.మీ. కటకమునకు 6 మి.మీ. కెమేరాలోని పటము ఎత్తు 24 మి.మీ. అయినచో, మొదటి చిత్రమున జింక చుక్కవలె నుండును. రెండవదానిలో పటపు ఎత్తున నాల్గవవంతు నిండును.

50 మి.మీ. కటకముతోనే అంత పెద్ద ప్రతిబింబము కావలెనన్నచో జింకకు 10 మీటర్ల దగ్గఱకు పోవలెను. జింక అంతవఱకు నిలువదు. మేత విడిచి, పిల్లలను విడిచి పరుగిడును. ఏనుగైనచో పరుగిడవలసినవారము మనమే. అది మనకంటె వేగముగా పరుగిడగలదు. కావున 300 మి.మీ.కు తక్కువ కాని కటకము వన్యమృగ చిత్రణమునకు తగినది.

చేతిఫోనులో చిత్రమును వ్రేళ్లతో సాగదీసినచో మృగము దగ్గఱకు రాదు. ఉన్న చుక్కలే పెద్ద వగును. అట్లని తల్లిదండ్రులు అప్పుచేసి పప్పుకూడు తిన్నట్లు ఖరీదైన కటకములు కొననక్కఱలేదు. ఒక దుర్భిణి యున్నచో పదిమంది వంతులవారీగా చూడవచ్చును. దాని కంటికటకము నొద్ద ఫోనును కదలకుండ నిలిపి చిత్రము తీయవచ్చును. మదరాసునకు చెందిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఎం. కృష్ణన్ (1912–1996) వేర్వేఱు భాగములను కూర్చుకొనిన కెమేరాతో అడవిమృగముల నలుపు తెలుపు చిత్రములను తీసి ప్రఖ్యాతుడయ్యెను. మంద చిన్నదిగా, బయలు పెద్దదిగా కనబడు చిత్రమును తక్కువదిగా నెంచరాదు. జింక ఎట్టిచోట బ్రదుకుచున్నదో అదియే చెప్పును.

2. ఆధారము

దీర్ఘకటకము చేతివణకును గూడ పెద్దది చేయును. 300 మి.మీ. కటకమునకు కాంతిద్వారము తెఱచియుండు కాలము సెకనులో 300వ వంతును మించరాదు. పరుగెత్తు జింకకు 1000వ వంతు గాని అంతకు తక్కువ గాని కావలెను. జీపులో ముక్కాలిపీట నిలుపుటకు చోటుండదు. దానికి బదులుగా గుడ్డసంచిలో రాగులు గాని ఉలవలు గాని పోసి మూతి కుట్టి, కిటికీ అంచుపై నుంచి, కటకమును దానిపై ఆనించవలెను. ఖాళీసంచిని తీసికొనిపోయి, చేరినచోట ధాన్యము నింపుకొనినచో బరువు తగ్గును.

3. ధూళి

గనులనుండి తీసిన రాతిని పిండిచేసి, సైనైడుతో బంగారమును వేఱుచేసిన పిమ్మట మిగిలిన మన్నే మన సైనైడుదిబ్బలు. వేసవిగాలికి లేచు ఆ సన్ననిధూళి అద్దమును గీకును, ఊపిరితిత్తులకును హానిచేయును. చిత్రముకొఱకై ఆ దిబ్బల నెక్కరాదు. గాలిలో కటకమును మార్చరాదు. ధూళి పడినచో మొదట రబ్బరుబుడ్డితో ఊది, పిమ్మటనే మెత్తనిగుడ్డతో తుడువవలెను. ముందుగా తుడిచినచో రాతిపొడితో అద్దమును తోమినట్లగును.

4. సర్దుట

వీపుసంచిలో బరువైన కటకమును వీపున కానునట్లు మధ్యగా నుంచవలెను. కెమేరాను కటకము తగిలించియే పైన నుంచవలెను. మృగము మనకొఱకై వేచియుండదు. నిండుగా విద్యుత్తు నింపిన రెండు బ్యాటరీలు, రెండు మెమరీకార్డులు, మెత్తనిగుడ్డ, వానకు ప్లాస్టిక్ సంచి, మంచినీరు, నోటుపుస్తకము ఉండవలెను. తెల్లని, ఎఱ్ఱని దుస్తులు వలదు, మట్టిరంగువి మేలు.

5. విడువవలసినవి

ఫ్లాషు వెలుగు, ఫోను మ్రోత, తినుబండారముల ఎర: ఈ మూటిని ఇంటనే విడువవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అభయారణ్యమున ఛాయాచిత్రణమునకు అటవీశాఖ అనుమతి కావలెను. జింకలు తిరుగుచోటును తెలుపుచు చిత్రములను నలుగురికి పంపరాదు. వేటగాండ్రకు అదియే దారి చూపును. ఏనుగులున్నచోట కాలినడకన చిత్రము తీయ యత్నింపరాదు.

మన పెద్దలు కృష్ణసారము స్వేచ్ఛగా సంచరించు భూమిని పుణ్యభూమి యనిరి. మనము చిత్రము తీసి మరలివచ్చిన పిదప జింక తలయెత్తక మేయుచుండిన యెడల ఆ చిత్రము చక్కగా తీయబడిన దని తెలిసికొనుడు. అది బెదరి పరుగిడినచో, చిత్ర మెంత స్పష్టముగా నున్నను మన పాఠము అసంపూర్ణమే.