పొరుగు జిల్లాకు వచ్చిన టీవీ

సౌజన్యా,

బడిలో వాడే పరికరాల చరిత్ర రాయాలనుకుంటున్నానని, ఏ యంత్రం ఏ ఏడు వచ్చిందో ఒక పట్టిక వేసుకున్నానని రాశావు. పట్టిక ఉండనీ బిడ్డా, కానీ దానితో మొదలుపెట్టకు. ప్రారంభోత్సవాల తేదీలు పేర్చుకుంటూ పోతే చివరికి మిగిలేది యంత్రాలు చేసినవాళ్ల చరిత్రే. చదువుకున్న పిల్లలు అందులో ఎక్కడా కనబడరు. సినిమా వచ్చింది కనుక బడుల్లో పుస్తకాల అవసరం త్వరలో తీరిపోతుందని ఎడిసన్ 1913లోనే అన్నాడు. రేడియో వచ్చినప్పుడు, టీవీ వచ్చినప్పుడు, కంప్యూటర్ వచ్చినప్పుడు ఇంచుమించు ఇట్లాంటి ఆశలే మళ్లీ వినిపించాయి. లారీ క్యూబన్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1986లో అచ్చయిన ‘టీచర్స్ అండ్ మెషీన్స్’ పుస్తకంలో ఆ వాగ్దానాలను పక్కనబెట్టి, తరగతి గదిలో పంతుళ్లు వాటిని నిజంగా ఎంత వాడారో వెతికాడు. తేలింది చాలా తక్కువ. నువ్వు పట్టవలసిన దారి కూడా ఇదే. వాడకం దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడువు.

‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం సంగతే చూడు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఇస్రో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపింది. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. సెట్లు హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. జాలీ తీగతో అల్లిన మూడు మీటర్ల గొడుగు యాంటెన్నా ఉపగ్రహం నుంచి నేరుగా సంకేతం అందుకునేది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన పల్లెలు హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలవి. మన నిజామాబాద్ అందులో లేదు. పట్టిక వేసేవాడు ‘తెలుగు పల్లెకు 1975లో టీవీ పాఠం వచ్చింది’ అని రాసుకుని ముందుకు సాగిపోతాడు. నీ పని అక్కడే మొదలవ్వాలి. అప్పట్లో మెదక్, నిజామాబాద్ ఇరుగుపొరుగు జిల్లాలు. మంజీర రెండింటిలోనూ పారుతుంది, రెండు చోట్లా బడి వ్యవస్థ నిజాం పాలన నుంచి వచ్చినదే. ఒకదానికి ఏడాదిపాటు టీవీ దక్కింది, రెండోదానికి దక్కలేదు. ఎంపికకు వెనుకబాటుతనం ఒక కొలమానం. 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు, ఆ దశాబ్దం చివర్లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో వెలసిన చక్కెర ఫ్యాక్టరీ ఉన్న మన జిల్లాను ఆ కొలమానమే పక్కన పెట్టిందా? ఇది నా ఊహ మాత్రమే, రుజువు చెయ్యడమో కొట్టెయ్యడమో నీ వంతు. లేనిచోటు చరిత్ర కూడా చరిత్రే, పైగా ఉన్నచోట ఏం మారిందో చెప్పగలిగేది ఆ లేనిచోటే.

ఇట్లా చూస్తే ఇస్రో ఇంజనీర్ల శ్రమను తక్కువ చేసినట్టు కాదా అని ఎవరైనా అడగొచ్చు. కాదు. వాడకాన్ని పట్టించుకున్నది మొదట వాళ్లే. సామాజిక పరిశోధకులను నెలల తరబడి పల్లెల్లో ఉంచి, టీవీ ముందు ఎవరు కూర్చుంటున్నారో గమనింపజేశారు. పిల్లల భాషలో, తెలుసుకోవాలన్న ఆసక్తిలో కొంత మెరుగు కనబడిందని, బడిలో చేరేవాళ్ల లెక్క, మానేసేవాళ్ల లెక్క మాత్రం పెద్దగా కదల్లేదని ఆనాటి మదింపులు చెప్పాయి. నాకు ఈ రెండో ముక్క చాలా విలువైనదిగా తోస్తుంది. పిల్లను బడి మాన్పించేది ఇంటి పని, పొలం పని, చేతిలో పైసలు లేకపోవడం. ఎంత మంచి బొమ్మయినా వాటిని తప్పించలేదు. కనుక బోధన్ బడులను చదివేటప్పుడు హాజరు పట్టీని ఆ ఫ్యాక్టరీ చెరకు క్రషింగ్ సీజన్ పక్కన పెట్టి చూడు. చెరకు నరికే నెలల్లో ఏ పిల్లలు కనబడకుండా పోయారో తెలిస్తే, ఆ గదిలో ఉన్న పరికరం ఎవరికి అందిందో తెలుస్తుంది. 2015లో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ లెక్క ఎట్లా మారిందో కూడా విడిగా చూడాలి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. పెద్ద పథకాలకు నివేదికలున్నాయి, వాడకానికి ఆధారాలేవి? ఉన్నాయి. ప్రతి సర్కారు బడిలో స్టాక్ రిజిస్టర్ ఉండాలి. రేడియో, గ్లోబు, సైన్సు కిట్టు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పనికిరాదని కొట్టేశారో అందులో రాస్తారు. ఆ పుస్తకం ఒక్కదాన్నే నమ్మకు. బీరువాలో తాళం వేసి ఉంచిన వస్తువు కూడా రిజిస్టర్‌లో ‘ఉంది’ అనే కనిపిస్తుంది. పాత పంతుళ్లను, అప్పటి విద్యార్థులను విడివిడిగా అడిగి రెండింటినీ పోల్చు. ఇంకా వెనక్కి పోతే 1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని 533 బడుల గురించి పంపిన నివేదిక ఉంది. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, పెద్ద తరగతివాళ్లు చిన్నవాళ్లకు చెప్పడం గురించి ఆయన మెచ్చుకుంటూ రాశాడు. పైసా ఖర్చులేని ఆ ఇసుకను నీ పట్టిక పరికరంగా లెక్కపెట్టిందా?

భాష సంగతి మరిచిపోకు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. అంతకు ముందు ఏడాదే దాని పుస్తకాల కోసం అనువాద శాఖ పెట్టారు. తెలుగులో కాలేజీ పుస్తకాల కోసం తెలుగు అకాడమీ వచ్చింది 1968లో. ఆ మధ్య కాలంలో తెలుగు ఇంటి పిల్ల చేతికి వచ్చిన పుస్తకం ఆమెకు ఎంత అందిందన్నది కూడా పరికరాల చరిత్రే. అదే ప్రశ్న మొన్న మళ్లీ ఎదురైంది: 2020 సెప్టెంబర్ 1న కరోనా వల్ల తెలంగాణ బడి పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ చానెళ్లకు మారాయి. బోధన్ ప్రాంతంలో తెలుగు, ఉర్దూతో పాటు మరాఠీ మాధ్యమ బడులూ ఉన్నాయి. ఏ మాధ్యమం పిల్లలకు ఎన్ని గంటల పాఠం తమ భాషలో దక్కిందో, ఇంట్లో ఒక్కటే ఫోన్ ఉంటే అది అన్న చేతికి పోయిందో చెల్లె చేతికి వచ్చిందో అడిగి రాసుకో. చూసినవాళ్లు ఇంకా చదువుల్లోనే ఉన్నారు, ఇప్పుడే అడగాలి.

ముందు మూడు మాధ్యమాల నుంచి ఒక్కొక్క బడి ఎంచుకో. రిజిస్టర్లు తెరిచే ముందు ప్రధానోపాధ్యాయుల అనుమతి రాతపూర్వకంగా తీసుకో, పిల్లల పేర్లు నీ నోటుబుక్కులోకి ఎక్కించకు.

ఇట్లు,
మీ పెద్దబాపు