ఆరోగ్య నగరాలు: ఆధారాలతో ప్రణాళిక

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలు పలమనేరు-కుప్పం-మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ (పీకేఎం ఉడా) పరిధిలోనివి. నడక, సైక్లింగ్, ఆటస్థలాలకు చోటిచ్చే ప్రణాళికకు తొలి మెట్టు సర్వే: ఎవరు ఎలా ప్రయాణిస్తున్నారు, ప్రమాదాలు ఎక్కడ జరుగుతున్నాయి, పార్కు ఎంత దూరం?

ఈ ప్రాంతానికి సర్వే కొత్త కాదు. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయ శానటోరియం 1915లో మొదలైంది. 1950-55లో చుట్టుపక్కల గ్రామాల్లో క్షయవ్యాధిపై సామూహిక అధ్యయనం జరిగింది.

గుర్తుంచుకోండి
• డబ్ల్యూహెచ్‌వో (2020): పెద్దలకు వారానికి 150-300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, 5-17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాలు.
• డబ్ల్యూహెచ్‌వో కార్యాచరణ ప్రణాళిక (2018-30): 2030 నాటికి శారీరక నిష్క్రియతను 15 శాతం తగ్గించడం.
• జాతీయ పట్టణ రవాణా విధానం-2006: వాహనాల కన్నా మనుషులకు ప్రాధాన్యం.
• సుస్థిరాభివృద్ధి లక్ష్యం 11.7: 2030 నాటికి అందరికీ సురక్షితమైన పచ్చని బహిరంగ స్థలాలు.
• 74వ రాజ్యాంగ సవరణ (1992): 12వ షెడ్యూలు, 18 అంశాలు. పట్టణ ప్రణాళిక, ప్రజారోగ్యం, పార్కులు, ఆటస్థలాలు అందులోనివే.

మాదిరి ప్రశ్న: మున్సిపాలిటీల అధికారాలు, బాధ్యతలను తెలిపే అధికరణ?
జవాబు: 243 డబ్ల్యూ.